గోదారి మీద మర, రాజమండ్రిలో రిబ్బను

తిరిగొచ్చి వారం దాటింది. బట్టలు ఉతికి మడతలు పెట్టేశాను. చెప్పులకు అంటిన గోదావరి బురద ఎండి రాలిపోయింది. కోపం మాత్రం దిగలేదు. మా ప్రెస్సులో కంప్యూటర్ పని చేసే అమ్మాయి రెండు రోజులు ఓర్చుకుని, "అదేదో రాసెయ్ అక్కా, లేకుంటే మా మీదే చూపిస్తాండావు" అంది. అందుకే కూర్చున్నాను.

మాది ప్రొద్దుటూరు. చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. పెళ్ళి శుభలేఖలే ఇన్నాళ్ళూ మాకు కూడు పెట్టాయి. ఇప్పుడు పెళ్ళిపిలుపులు ఫోన్లలోనే వెళ్ళిపోతున్నాయి. దేవుడి దగ్గర పెట్టడానికని ఓ పాతిక కార్డులు కొట్టించుకుంటే అదే గొప్ప. మిషన్‌కి దుమ్ము పట్టకుండా తుడుచుకోవడమే పెద్ద పనైపోయిన రోజుల్లో, రాజమండ్రిలో చిన్న వ్యాపారాల ప్రదర్శన ఒకటి జరుగుతోందని విన్నాను. చేతిలో డబ్బు లేకపోయినా ఏదో ఒక ఉపాయంతో నిలదొక్కుకున్నవాళ్ళను అక్కడ చూపిస్తున్నారట. నాకూ ఏదో ఒక ఆలోచన దొరక్కపోతుందా అని రైలెక్కాను.

రాజమండ్రి: దండ వేసిన మర

దిగగానే పెసరట్టు తిన్నాను. డెబ్భై రూపాయలు. లోపల ఉప్మా పెట్టి ఇచ్చారు, పక్కన అల్లం పచ్చడి. పచ్చడి తియ్యగా ఉంది. మావైపు దోసె మీద ఎర్రకారం పూస్తారు, కళ్ళల్లో నీళ్ళు తిరిగితేనే టిఫిన్ చేసినట్టు. వడ్డించే ఆయన "ఇంకోటి వెయ్యమంటారాండి, కొంచెం ఉప్మా అయినా పెట్టమంటారాండి" అని వదలకుండా అడుగుతుంటే బిల్లు పెంచడానికి కాబోలనుకున్నాను. కాదు. చివర్లో అడిగిన ఉప్మాకు డబ్బు తీసుకోలేదు. ఈ ఊళ్ళల్లో మనిషిని ఆకలితో లేవనివ్వడం తప్పు కింద లెక్క. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

ప్రదర్శన ఒక పెద్ద కల్యాణమండపంలో. బయట ఎండ మాడ్చేస్తోంది, లోపల ఏసీకి చలేస్తోంది. హాలు మధ్యలో ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద ఒక పిండిమర. దానికి బంతిపూల దండ, నడుం చుట్టూ నీలం రిబ్బను. వెనకాల నిలువెత్తు ఫ్లెక్సీలో ఒకావిడ పడవలో నిలబడి నవ్వుతోంది. పేరు మంగాయమ్మ. గోదావరిలో చేపలు పడక బతుకు బరువైనప్పుడు, ఈవిడా భర్తా తమ పడవ ఇంజనుకే పిండిమర తగిలించి, ఏటి మధ్య లంక ఊళ్ళన్నీ తిరుగుతూ పిండి పట్టి ఇస్తున్నారట. పడవ కదిలేటప్పుడు ఇంజను పడవది. ఒడ్డున కట్టేశాక అదే ఇంజను మరది. చదివి నాకు ఒళ్ళు పులకరించింది. ఉన్న ఒక్క యంత్రంతో రెండు పనులు. నేను వెతుక్కుంటూ వచ్చింది ఇలాంటిదే.

దగ్గరికెళ్ళి మర నోట్లో చెయ్యి పెట్టి చూశాను. పిండి వాసన రాలేదు. ఫినాయిల్ వాసన వచ్చింది. తినే పిండి పట్టే మరను ఎవరో ఫినాయిల్‌తో కడిగారు.

మెడలో కార్డు వేసుకున్న కుర్రాడొకడు వచ్చి ముట్టుకోవద్దన్నాడు. ఇది ఇక్కడుంటే పడవలో ఏముందని అడిగాను. "ఇంకోటి ఉంటుందిలెండి మేడమ్" అని వెళ్ళిపోయాడు.

ఈలోగా వేదిక మీద ఉపన్యాసం మొదలైంది. ప్రదర్శన నడిపే ఆఫీసరు, మనిషి సౌమ్యుడే, గొంతు బాగుంది. చేతిలో డబ్బు లేకపోవడమే అసలైన పెట్టుబడి అన్నాడు. కష్టకాలం మనకు దేవుడిచ్చిన బడి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఒళ్ళు మండింది. షట్టరుకు అద్దె కట్టలేక తాళం వేసినవాడి దగ్గర ఆ మాట అని చూడమనండి. ఆయన నెల జీతం ఒకసారి ఆగితే ఆ బడిలో ఆయన ఎన్నాళ్ళు చదువుతాడో నాకూ చూడాలనుంది.

రేవు: తెగిన చెప్పు

హాలు బయట టీ అమ్మే ఆయనకు మంగాయమ్మ లంక తెలుసు. దారి చెప్పాడు. ఆ లంక పేరు నేను రాయను. రాస్తే ఇంకో ఆఫీసరు వెళ్తాడు.

మర్నాడు పొద్దున్నే రేవుకు చేరాను. మావైపు ఏరంటే ఇసక. ఎండాకాలం ఇసకలో గుంట తీసి నీళ్ళు ముంచుకుంటాం. ఇక్కడ మే నెలలో కూడా అవతలి ఒడ్డు మసకగా ఉంది. ఆ నీళ్ళ వంక చూస్తూ నడిచి, రేవు మెట్ల దగ్గర బురదలో కాలు జారి కూలబడ్డాను. చీర పాడైంది. చెప్పు పట్టీ పుటుక్కున తెగింది.

అక్కడ కట్టేసిన పడవలోంచి ఒకాయన దిగి, నన్ను లేవనెత్తి, చెప్పు అడిగి తీసుకున్నాడు. వల కుట్టే నైలాను దారంతో నాలుగు కుట్లు వేసి ఇచ్చాడు. ఆ కుట్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఎక్కడినుంచి వచ్చానని గానీ ఎందుకొచ్చానని గానీ అడగలేదు. నేనే మంగాయమ్మ ఇల్లు అడిగాను.

"మా ఇంటిదేనండి. ఎక్కండి, దిగబెడతాను" అన్నాడు. ఆయన పేరు నూకరాజు.

జనం దాటే పడవకు మనిషికి ఇరవై రూపాయలు. ఈయన తన పడవలోనే తీసుకెళ్ళాడు, డబ్బు మాట ఎత్తనివ్వలేదు. పడవ మధ్యలో ఒక చెక్క చట్రం ఖాళీగా ఉంది. దాని కింద లారీ టైరు ముక్కలు, పక్కన ఇసక బస్తాలు. ఇంజను పక్క కొక్కేనికి బెల్టు ఊరికే వేలాడుతోంది. చట్రం మీద నాలుగు బోల్టులు తుప్పు పట్టడం మొదలుపెట్టాయి. ఇంకోటి ఉంటుందిలెండి అన్న కుర్రాడి మాట గుర్తొచ్చింది. ఇంకోటి లేదు.

లంక: ముందు భోజనం

మంగాయమ్మ ఫ్లెక్సీలో కన్నా సన్నగా ఉంది. నన్ను చూడగానే కాళ్ళకు నీళ్ళిచ్చింది, పాడైన చీరకు బదులు తన చీర ఇచ్చింది, పీట వేసింది. మామిడికాయ వేసి వండిన చిన్న చేపల పులుసు, ముద్దపప్పు, గడ్డ పెరుగు. నేను ఏదో చెప్పబోతే "భోంచేశాక మాట్టాడుకుందారండి" అంది. మావైపు గడపలో నిలబెట్టి ముందు ఏ పని మీద వచ్చారని అడుగుతాం, మంచినీళ్ళు ఆ తరవాత. ఇక్కడ వచ్చినవాళ్ళు తినేదాకా పని అడగరు. తిన్నాక కూడా వాళ్ళంతట వాళ్ళు చెప్తేనే.

చెయ్యి కడుక్కున్నాక, రాజమండ్రిలో మీ మరను చూశానని చెప్పాను. ఆవిడ ముఖం ఒక్కసారి విచ్చుకుంది. ఊరెళ్ళిన బిడ్డ క్షేమం అడిగినట్టు అడిగింది.

"బాగుందాండి? నీళ్ళు తగలనివ్వట్లేదు కదండీ?"

బాగుందన్నాను. ఫినాయిల్ సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడు ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. కొన్నేళ్ళుగా వల వేస్తే డీజిలు ఖర్చు కూడా రావడం లేదు. లంకలో ఆడవాళ్ళు గుప్పెడు కారం పట్టించుకోవడానికి ఏరు దాటి, పూట పోగొట్టుకుని వస్తున్నారు. ఇంజనేమో పగలంతా ఖాళీ. పాత వలలు, మంగాయమ్మ చెవి కమ్మలు అమ్మి సెకండ్‌హ్యాండ్ మర కొన్నారు. మొదటిసారి తిప్పితే పడవ గజగజ వణికి, పలకల సందుల్లోంచి నీళ్ళు లోపలికి వచ్చాయట. అందుకు టైరు ముక్కలు. బరువు ఒక పక్కకు ఒరిగితే అందుకు ఇసక బస్తాలు. గింజలు పోయడానికి నూనె డబ్బా. ఒడ్డు చేరామని తెలియడానికి పాత బస్సు హారన్. కారం పట్టే రోజు పడవ ముక్కు గాలికి ఎదురుగా కట్టేవారట, ఘాటు ఇళ్ళ మీదికి కాకుండా ఏటి మీదికి పోయేలా. ఆ తరవాత మరలో తవుడు పోసి తిప్పి తీసేస్తే గానీ బియ్యం ముట్టేవారు కాదు. డబ్బు లేనివాళ్ళు గుప్పెడు పిండి పెట్టి వెళ్ళేవారు. ఎవరి దగ్గరా ఏ శిక్షణా లేదు, ఏ సాయమూ లేదు. ఇద్దరూ కలిసి నిలబెట్టుకున్న బతుకు.

ఉగాదికి ముందు ఆ ఆఫీసరు ఫొటోలు తీసేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. సరిగ్గా మధ్యాహ్నం. పీట వేశారు. కడుపునిండా తిన్నాడు, పులుసు రెండోసారి వేయించుకున్నాడు. లేచి చెయ్యి తుడుచుకుంటూ, ఒక రెండ్రోజులు మీ మర ఇస్తారామ్మా, పదిమందికి చూపిస్తాం అన్నాడు. ఇచ్చేశారు. దాన్ని తుడిచి, గీతలు పడకుండా మంగాయమ్మ చీర చుట్టి, నూకరాజే మోసి కారులో పెట్టాడు. కాగితం అడగలేదు. తిరిగి ఎప్పుడిస్తారనీ అడగలేదు.

ఎందుకడగలేదని నేను దాదాపు అరిచాను. ఇంటికొచ్చి తిన్న మనిషిని, చేతి తడి ఆరకముందే, మా వస్తువు ఎప్పుడు తెస్తావని అడుగుతారా అని ఆవిడ నన్నే వింతగా చూసింది.

అప్పట్నుంచీ ఆ మర అమలాపురంలో దండ వేయించుకుంది, కాకినాడలో వేయించుకుంది, ఇప్పుడు రాజమండ్రిలో వేయించుకుంటోంది. ఫోన్ చేస్తే సారు పనుల్లో ఉన్నారంటున్నారట.

తిరగలి

వెనక వసారాలోకి వెళ్ళినప్పుడు చూశాను. ఒక తిరగలి. మావైపు విసుర్రాయి అంటాం. అటకమీద మూలపడ్డదాన్ని దింపి, రాయి గరుకెక్కేలా ఉలితో కొత్తగా గంట్లు కొట్టించారు. పక్కన ఆవాల డబ్బాలు వరసగా, ఒక్కో డబ్బా మీద ఒక్కో ఇంటి పేరు.

అవి ఆవకాయ రోజులు. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు దిగుతున్నాయి. మొదటి వాన పడితే కాయ పనికిరాదు. ఏడాదంతా మర ఆడించినా రాని డబ్బు ఈ కొద్ది వారాల్లో ఆవపిండికీ కారానికీ వస్తుందట. ఆ డబ్బుతోనే వరదల నెలలు గడవాలి, అప్పుడు పడవ కదలదు. ఈ సీజను పోతే జనం ఏరు దాటి వెళ్ళడం మళ్ళీ అలవాటు చేసుకుంటారు, ఇక హారన్ కొట్టినా రారు. అందుకని మంగాయమ్మ ఎవరినీ పోనివ్వకుండా ఆవాలు తీసుకుని చేత్తో విసిరి ఇస్తోంది. కారం మాత్రం చేతకాక వదిలేసింది. మణికట్లు రెండూ వాచిపోయి ఉన్నాయి. ఒకదానికి పసుపు పట్టు వేసి గుడ్డ కట్టుకుంది.

 రాజమండ్రిలో ఆవిడ తెలివిని ఏసీలో కూర్చుని మెచ్చుకుంటున్నారు. ఇక్కడ ఆవిడని నానమ్మల కాలానికి తోసేశారు. ఆమె కనిపెట్టినదాన్ని ఆమె దగ్గర్నుంచే పట్టుకుపోయి, దానికే రిబ్బను కట్టారు. దీన్ని పొగడ్త అంటారా? మా ఊళ్ళో దీనికి వేరే మాట ఉంది.

రేపు పొద్దున్నే ముగ్గురం వెళ్దామన్నాను. నూకరాజు వెంటనే సరేనన్నాడు. మంగాయమ్మ మాత్రం, "గొడవ పెట్టుకోనంటే వస్తానండి" అంది.

మైకు

మమ్మల్ని చూసి ఆఫీసరు ఎదురొచ్చాడు. నిజంగా సంతోషించాడు, అదే నాకు మరీ మండింది. మంగాయమ్మను మర పక్కన నిలబెట్టి ఫొటోలు తీయించాడు. నూకరాజు మర తీసుకెళ్తామని చెప్తే, ఇప్పుడు కుదరదండి, ఎగ్జిబిట్ కింద రాసేశాం, విజయవాడలో పెద్ద ప్రదర్శన ఉంది, అది అవగానే పైనుంచి పర్మిషన్ తీసుకుని పంపించేస్తాం అన్నాడు.

"ఆమె మర ఆమెకిచ్చేదానికి పైన ఎవరి పర్మిషన్ కావల్ల సార్?" అన్నాను.

మీరెవరని అడిగాడు. ప్రొద్దుటూరులో ప్రెస్సు అన్నాను. విలేకరిని అనుకున్నట్టున్నాడు, ఒక్క క్షణం తడబడి, కాఫీ తెప్పించాడు. ఏ కార్డులు కొట్టే ప్రెస్సో నేను చెప్పలేదు.

ఆ పూట ముఖ్య అతిథిగా ఎవరో పెద్దాయన వచ్చారు. మంగాయమ్మను వేదిక ఎక్కించి, శాలువా కప్పి, నాలుగు మాటలు చెప్పమని మైకిచ్చారు. ఆవిడ వాచిన చేత్తోనే మైకు పట్టుకుని, అందరికీ నమస్కారం పెట్టి, అంతమందిలో ఏ బెదురూ లేకుండా అంది.

"రేపు మధ్యాహ్నం మీరంతా మా ఇంటికి భోజనానికి రండి. ఆఫీసరు గారికి దారి తెలుసండి. వచ్చేటప్పుడు మా మర కూడా తెండి, ఆవకాయ రోజులు కదండీ, జనం ఎదురుచూస్తన్నారు."

అంతే. మైకు ఇచ్చేసి దిగింది. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి తప్పకుండా వస్తాం తల్లీ అన్నాడు. ఆఫీసరు కూడా తలూపాడు. గోదావరి జిల్లాలో పుట్టినవాడు పదిమందిలో భోజనానికి వస్తానని తలూపాక రాకుండా ఉంటాడా అని నూకరాజు తిరుగు ప్రయాణంలో నాకే ధైర్యం చెప్పాడు. వచ్చేవాడు వట్టి చేతుల్తో రాలేడని నాకూ అనిపించింది. రిజర్వేషన్ మార్చుకుని ఆగిపోయాను.

విస్తళ్ళు

తెల్లవారకముందే నూకరాజు వల తీసుకుని వెళ్ళాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి కూరలు తరిగారు. గుత్తివంకాయ, పనసపొట్టు, చేపల పులుసు, బూరెలు. బూరెలను ముంచి తీసే తోపుకు పిండి కావాలంటే ఎవరో ఏరు దాటి పట్టించుకొచ్చారు. నా వంటకం కూడా ఒకటి ఉండాలని ఉల్లికారం నూరాను. రుచి చూసిన ఆవిడ దగ్గి దగ్గి నీళ్ళు తాగింది. పడవలో చట్రానికి ఉన్న నాలుగు బోల్టుల తుప్పునూ నూకరాజు గీకి, నూనె పూశాడు.

మధ్యాహ్నమైంది. విస్తళ్ళు వేశారు. రేవు వైపు చూస్తూ కూర్చున్నాం. పొద్దు వాలింది. ఫోన్ చేస్తే ఎవరో తీశారు. సారు మీటింగులో ఉన్నారన్నారు. మర సంగతి అడిగితే, విజయవాడ లారీ పొద్దున్నే వెళ్ళిపోయిందండి అన్నారు.

నేను అనాల్సినవీ అనకూడనివీ అన్నాను. మంగాయమ్మ లేచి, పడవ నడిపేవాళ్ళను, అరటిగెలల కూలీలను, రేవు దాటడానికి వచ్చిన ప్రతివాళ్ళను పిలిచి ఆ విస్తళ్ళ ముందు కూర్చోబెట్టింది. గుడ్డ కట్టిన చేత్తోనే వడ్డించింది. చివర్లో నా పక్కన కూర్చున్నప్పుడు, పోలీసు కంప్లయింటు ఇద్దాం, నేను రాసిస్తాను, మీ వస్తువు పట్టుకుపోయాడు అన్నాను.

"ఆయన మా ఇంట్లో తిన్నారండి. తిన్న మనిషిని దొంగని ఎలా అంటానండీ?" అంది.

ఆ ఇంట్లో నేనూ తిన్నాను. నేను అంటాను. దొంగే. తాళం పగలగొట్టి పట్టుకెళ్ళేవాడికి కనీసం భయముంటుంది. దండ వేసి పట్టుకెళ్ళేవాడికి అదీ లేదు.

ప్రొద్దుటూరు

విజయవాడలో ఆ మరకు మొదటి బహుమతి వచ్చిందట. మంగాయమ్మ తరఫున ఆఫీసరే అందుకున్నాడు. తరవాత ఇంకెక్కడికో పంపుతున్నారని విన్నాను. మీ ఊళ్ళో ఎప్పుడైనా ఎర్రగుడ్డ బల్ల మీద రిబ్బను కట్టిన పిండిమర కనిపిస్తే ఫొటో తీసుకోకండి. దీని మనిషికి దీన్ని ఎప్పుడిస్తున్నారని అడగండి. ఆవిడ అడగదు, మనం అడగాలి. నా ప్రెస్సుకు ఆలోచన ఏమైనా దొరికిందా అని మావాళ్ళు అడుగుతున్నారు. దొరికినా ఎవరికీ చెప్పదలుచుకోలేదు.

నిన్న బస్సు పార్సిల్లో ఒక జాడీ వచ్చింది. మూతకు గుడ్డ కట్టి, పైన నైలాను దారం. వెంటనే ఫోన్ చేశాను. అక్కడ వాన మొదలైందట, కాయలు అయిపోయాయట. చేయి ఎలా ఉందంటే ఆ మాట దాటేసి, "మీరు కారం ఎక్కువ తింటారు కదండీ, మీకని వేరేగా కలిపేను" అంది.

వేడన్నంలో కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పంటి కింద కరుక్కుమంది. తీసి చూస్తే రాతి నలుసు, ఆవగింజంత, నల్లగా. కొత్తగా గంట్లు కొట్టిన తిరగలి కొన్నాళ్ళు ఇలా రాలుతుంది. దాన్ని కడిగి బల్ల మీద పెట్టుకున్నాను. ఇది రాసినంతసేపూ నా ఎదురుగానే ఉంది.